తిలంగా సిపాయి బొమ్మ: రంగుపూత చెప్పు చరిత్ర

చరిత్ర రచించువారు శిలాశాసనములను, తామ్రపత్రములను, కైఫీయతులను, దొరతనమువారి దస్తరములను ఆధారములుగా గైకొందురు. పిల్లలాడుకొను బొమ్మలను ఆధారముగా గైకొనుట అరుదు. బొమ్మ పగులును, విరుగును, పెంటపై పారవేయబడును. చేసినవాని పేరు దానిపై సాధారణముగా నుండదు. అయినను ఒక కాలమువారు తమ సైనికుని ఏ దుస్తులలో గుర్తించిరో, ఏ పేరుతో పిలిచిరో, ఏ ఠీవితో నిలిపి చూచుకొనిరో తెలుపుటలో బొమ్మ కొన్నియెడల దస్తరమునకు దీటైన సాక్షి. ఈ వ్యాసమున పరిశీలింపదలచినది రంగు పూసిన చిట్టి సిపాయి బొమ్మలను గూర్చియు, వానిని సేకరించి బాగుచేయు పద్ధతులను గూర్చియు, వానితో నాడు యుద్ధక్రీడను గూర్చియు. ప్రతిపాదించునది ఒక్కటే: ఇట్టి బొమ్మలో సీసము గాని కొయ్య గాని దేహము మాత్రమే, దాని చరిత్ర పైనున్న పలుచని రంగుపూతలో నున్నది. ఆ పూతను గీకి కొత్తరంగు వేయుట జీర్ణోద్ధరణము గాదు, శాసనమును చెక్కివేయుట. ఈ విషయము తెలుగువారికి విశేషముగా ఏల పట్టవలెనో క్రమముగా వివరించెదను.

తగడూరు నేల

ధర్మపురికి ప్రాచీననామము తగడూరు. అదియమానుల కాలమునుండి ప్రసిద్ధి వహించిన ఈ యూరు 9, 10 శతాబ్దులలో నొళంబుల యేలుబడిలో నుండెను. నొళంబుల ముఖ్యనగరమైన హేమావతి నేడు ఆంధ్రప్రదేశమున శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నది. ఈ ప్రాంతపు పొలము గట్లపైనను చెరువు కట్టలపైనను వీరగల్లులు విస్తారముగా లభించినవి. వానిలో కొన్ని ధర్మపురి ప్రభుత్వ ప్రదర్శనశాలలో భద్రపరుపబడినవి. ఆలమందలను కాపాడుటలోనో, శత్రువుల మందలను తోలుకొనివచ్చుటలోనో ప్రాణము విడిచిన వీరుని రూపమును రాతిపై మలచి, దాని చెంత రాజు పాలనావత్సరమును, వీరుని పేరును, అతడు పడిన విధమును చెక్కించుట ఆనాటి మర్యాద. అక్షరములు నిలిచిన వీరగల్లు మనకు ఒక మనుష్యుని పరిచయము చేయును. అక్షరములు అరిగిపోయిన వీరగల్లు ఎవడో ఒకడు ఇచ్చట పోరి చనిపోయెనని మాత్రము చెప్పును. రాయి రెంటను ఒకటియే, విల్లు పట్టిన చేయి ఒకటియే. భేదమంతయు అక్షరములలో నున్నది. చిట్టి సిపాయి బొమ్మకు రంగు అట్టి అక్షరము.

ఈ నేల యుద్ధములకు కొత్తది గాదు. బారామహల్ అని పేరొందిన ఈ సీమకై 1767 మొదలు మైసూరువారును చెన్నపట్టణపు కంపెనీవారును పలుమారు పోరిరి. 1792 మార్చిలో జరిగిన శ్రీరంగపట్టణపు సంధిచే బారామహల్ కంపెనీ వశమయ్యెను. అలెగ్జాండరు రీడు దీనికి కలెక్టరయ్యెను. అతని సహాయులలో నొకడైన తామస్ మన్రో 1799 వరకు ధర్మపురిలో నుండెను. తరువాత దత్తమండలములను పాలించి రాయలసీమవారిచే మండ్రోలయ్య యనిపించుకొన్న మన్రో యితడే. ఇతడును 1780లో పదాతిదళమున చేరుటకు వచ్చిన యువకుడే యని స్మరింపదగును. తెలుగువారికిని బారామహలునకును గల సంబంధము పన్నుల లెక్కలతోనే మొదలు కాలేదు. అంతకుముందే కంపెనీ పల్టనులలోని తెలుగు సిపాయిల నడకతో నది యేర్పడి యుండెను.

తిలంగా యను మాట

18వ శతాబ్ది మధ్యమున చెన్నపట్టణపు కంపెనీవారు ఫ్రెంచివారి నెదిరించుటకై స్వదేశీయులను చేర్చుకొని పాశ్చాత్యరీతి కవాతు నేర్పిరి. ఆ దళములందు తెలుగువారు, తమిళులు, మహమ్మదీయులు కలిసి యుండిరి. 1756లో కలకత్తా నవాబు వశము కాగా, దానిని మరల పట్టుకొనుటకు క్లైవు చెన్నపట్టణమునుండి ఓడలలో తీసికొనిపోయిన సేనలో ఈ సిపాయిలుండిరి. 1757లో ప్లాసీ పోరాటమునందును పాల్గొనిరి. ఒకే తీరు దుస్తులు ధరించి, తుపాకి భుజమున నిడుకొని, అడుగులో అడుగు కలిపి నడచు కంపెనీ సిపాయిలలో వంగదేశీయుల కంటబడిన మొదటివారు వీరు. వారి దేశమును బట్టి జనులు వారిని తిలంగాలనిరి.

ఆపై విచిత్రమైన మార్పు జరిగెను. వంగదేశమున, అయోధ్యలో, బీహారులో కంపెనీ స్థానికులను చేర్చుకొని పల్టనులను పెంచిన తరువాతను ఆ పేరు పోలేదు. భోజపురీ మాటాడు సిపాయియు తిలంగా యయ్యెను. 1857లో ఢిల్లీ నగరమున ప్రవేశించిన తిరుగుబాటు సిపాయిలను ఆ నగరవాసులు ఉర్దూలో తిలంగేలనియే వ్రాసిరి. వారిలో అధికులు గంగాతీరపు వారు. తెలుగుదేశమును కన్నవారు గారు. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు సైతము ఈ మాట 18వ శతాబ్దమున వంగదేశమందు సిపాయికి పర్యాయముగా వాడబడెనని నమోదు చేసినది. ఒక జాతి పేరు ఒక దుస్తుల పేరుగా మారుట భాషాచరిత్రలో అరుదైన సంగతి. మనిషి మారెను, భాష మారెను, ఊరు మారెను. ఎఱ్ఱ అంగీ నిలిచినందున పేరు నిలిచెను. భాషాల్పసంఖ్యాక పాఠశాలలో తెలుగు బోధించు నా వంటివానికి ఈ మాట పుట్టుక తలచినపుడెల్ల ఉల్లాసమును కలుగును, దిగులును కలుగును. పేరు మిగిలి మనిషి మరుగగుట పరనాట నుండు భాషలకు ఎఱుకలేని సంగతి గాదు.

చతురంగమునుండి యుద్ధక్రీడ వరకు

సైన్యమును బల్లపై నిలిపి ఆడుట మన దేశమునకు కొత్త గాదు. రథ గజ తురగ పదాతులను నాలుగంగములను పేరిటనే ధరించిన ఆట చతురంగము. 7వ శతాబ్దినాటి బాణుని హర్షచరితమున దాని ప్రస్తావన కలదు. ఇక్కడినుండి పారసీకమునకు, అచటినుండి అరబ్బులకు, వారిద్వారా ఐరోపాకు ఆ యాట చేరెను. ఆ పయనమున మంత్రి రాణి యయ్యెను, ఏనుగు మతగురువయ్యెను. చతురంగమున నేల చదును. కొండ లేదు, వాగు లేదు, వాన లేదు. ఇరుపక్షముల బలమును సమానము. నిజమైన యుద్ధమున ఇవి రెండును ఉండవు.

ఈ లోపమును తీర్చుటకు 1780లో జర్మను దేశపు బ్రౌన్‌ష్వైగ్ నగరమున హెల్విగ్ అను గణితోపాధ్యాయుడు చదరంగపు బల్లనే పెంచి, గడులకు రంగులు వేసి, కొండలను నీటిని అడవులను సూచించు కొత్త ఆటను ప్రకటించెను. 1812లో రైస్విట్జ్ అను ప్రష్యా దేశీయుడు గడులను విడిచి, నేల ఎత్తుపల్లములను బల్లపై నిర్మించి రాజునకు చూపెను. అతని కుమారుడు 1824లో పటములపై నాడు నియమములను ముద్రింపగా ప్రష్యా సేనాధికారుల శిక్షణమున అది చేరెను. పాచికలతో అదృష్టమునకు చోటిచ్చి, మధ్యస్థుని తీర్పునకు విలువ యిచ్చిన ఈ క్రీడయే నేటి యుద్ధక్రీడలకు తల్లి. 1913లో ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్సు 'లిటిల్ వార్స్' అను గ్రంథమున ఇంటి నేలపై సీసపు సిపాయిలతో నాడు పద్ధతిని వివరించెను. అందు చిన్న స్ప్రింగు ఫిరంగితో కొయ్యముక్కలను పేల్చి శత్రువు బొమ్మలను పడగొట్టవలెను. 1962లో డొనాల్డు ఫెదర్‌స్టన్ 'వార్ గేమ్స్' ప్రకటించిన పిదప ఈ వినోదము పెద్దలకును చరిత్రప్రియులకును అలవాటై అనేక దేశములకు వ్యాపించెను.

సీసపు సిపాయి

ఆటకు కావలసిన బొమ్మలను మొదట విరివిగా చేసినవారు జర్మనులు. న్యూరెంబెర్గునందు 18వ శతాబ్ది ఉత్తరార్ధమున తగరముతో పలుచని బిళ్లవంటి సిపాయిలను పోతపోసి రంగులు వేసి యమ్మిరి. తరువాత నిండైన ఆకృతి గల బొమ్మలు వచ్చెను గాని అవి బరువు, వెల హెచ్చు. 1893లో లండనునందు విలియం బ్రిటన్ కుటుంబమువారు బోలుపోతను సిపాయి బొమ్మలకు వాడిరి. కరగిన మిశ్రలోహమును మూసలో పోసి, అంచులు గట్టిపడినంతనే నడిమిదానిని వెలికి వంచివేయుదురు. పైడొల్ల మాత్రము మిగులును. లోహము తగ్గెను, వెల తగ్గెను, మధ్యతరగతి పిల్లవాని పెట్టెలో ఒక పల్టను చేరెను. నిలిచిన బొమ్మ ఎత్తు 54 మిల్లీమీటర్లు. అదియే చిరకాలము ప్రమాణమయ్యెను.

బ్రిటిషు సామ్రాజ్యపు సేనలన్నిటిని పెట్టెలలో అమర్చిన ఈ సంస్థ 1890ల దశకమున మొదటి మద్రాసు స్వదేశీ పదాతిదళమును, రెండవ మద్రాసు లాన్సర్లను సైతము వెలువరించెను. ఎఱ్ఱ అంగీ, తలపాగా, చేత తుపాకి: ఇది మన తిలంగా సిపాయి. అతడు లండను దుకాణమున అమ్ముడగుచున్న కాలమును గమనింపవలెను. సరిగా ఆ రోజులలోనే సేనాధిపతి రాబర్ట్సు మొదలగువారు ప్రచారము చేసిన 'వీరజాతుల' సిద్ధాంతము చొప్పున మద్రాసు సైన్యము కుదింపబడుచుండెను, తెలుగువారి చేరిక అణగారుచుండెను. క్లైవు వెంట నోడ యెక్కినవారి సంతతి యుద్ధమునకు తగరని నిర్ణయింపబడుచుండగా, వారి రూపము ఆంగ్లబాలుని నేలపై కవాతు చేయుచుండెను. మొదటి మద్రాసు పదాతిదళము 1903లో 61వ పయనీర్లను పేరు దాల్చి, 1933లో రద్దయ్యెను. బొమ్మపెట్టెపై మాత్రము పాతపేరు మిగిలెను.

ఇక్కడ రంగు ప్రాధాన్యము తెలియును. ఒక మూసనుండి వెడలిన దేహమును ఒక రీతి రంగు వేసి మద్రాసు సిపాయిగను, మరియొక రీతి రంగు వేసి వంగ లేక బొంబాయి సిపాయిగను అమ్ముట బొమ్మల పరిశ్రమకు సాధారణము. ముఖమున భేదము లేదు, నడకలో భేదము లేదు. అంగీ కంఠపట్టీ, చేతి అంచులు, తలపాగా, షరాయి: వీని రంగులే దళమును తెలుపు గురుతులు. నిజమైన సైన్యమునందును దళములు పరస్పరము గుర్తింపబడినది ఈ పట్టీల రంగులచేతనే. కావున అట్టి బొమ్మను సోడాక్షారమున ముంచి రంగు తీసినచో మిగులునది పేరులేని సీసము. అందు తెలుగువాడు లేడు.

రంగునకై చిందిన రక్తము

దుస్తుల రంగు, తలపాగా తీరు చిన్నసంగతులని యెవరైనను తలచినచో వేలూరును స్మరింపవలెను. 1805 నవంబరున మద్రాసు సైన్యమున కొత్త తలపాగాను ప్రవేశపెట్టి, కవాతునందు నుదుట కులచిహ్నములను, చెవిపోగులను నిషేధించి, గడ్డము గీయవలెనని శాసించిరి. తోలుతురాయి గల ఆ తలపాగా దొరల టోపీవలె నున్నదని సిపాయిలు కలతచెందిరి. 1806 జూలై 10వ తేదీన వేలూరు కోటలో తిరుగుబాటు చెలరేగెను. అనేక శతముల మంది ఉభయపక్షముల హతులైరి. ఆ శాసనములు ఉపసంహరింపబడెను. గవర్నరు బెంటింక్ వెనుకకు పిలువబడెను. కావున 1806కు ముందరి సిపాయిని చిత్రించిన బొమ్మకు తలపాగా ఎట్లుండెనో, నుదుట నామమో విభూతియో ఉండెనో లేదో యనునది అలంకారప్రశ్న గాదు, చరిత్రప్రశ్న. బాగుచేయువాడు అందము కొరకు ఆ చిన్నగీతను చెరిపినను, లేనిచోట చేర్చినను, అబద్ధపు సాక్ష్యమును పుట్టించినవాడగును.

మరల రంగు వేయుటచే కలుగు చిక్కునకు పెద్ద యుదాహరణము శ్రీరంగపట్టణమున నున్నది. 1780 సెప్టెంబరు 10వ తేదీన పొళిలూరు వద్ద హైదరాలీ, టిప్పులు కర్నలు బెయిలీ సేనను ఓడించిరి. ఆ సేన గుంటూరునుండి దక్షిణమునకు వచ్చినది యని తెలుగువారు గుర్తుంచుకొనవలెను. ఆ విజయమును టిప్పు దరియా దౌలతు సౌధపు గోడపై వ్రాయించెను. వరుసలు దీరిన అసంఖ్యాక సిపాయిలు, పల్లకిలో బెయిలీ, పేలుచున్న మందుబండి అందు కానవచ్చును. 1799లో పట్టణము పడిన తరువాత అచట నివసించిన ఆర్థరు వెల్లెస్లీ దానిని బాగుచేయించెను. 1850లలో డల్హౌసీ మరల రంగు వేయించెను. ఆ సిపాయిల అంగీపై నేడు మనము చూచు ప్రతి పట్టీయు 1784 ప్రాంతపు చిత్రకారునిదా, తరువాతివానిదా యని పరిశోధకుడు సందేహింపక తప్పదు. రక్షించినవారి యుద్దేశము మంచిదే. లేనిచో చిత్రమే నశించి యుండెడిది. అయినను ఏ చోట తాకిరో గురుతు నిలుపకపోవుటచే పాతదియు కొత్తదియు విడదీయ వీలుకాకుండ కలిసిపోయెను.

కొలువు మెట్లపై సిపాయి

మన యిండ్లలో బొమ్మల కొలువు ఆంధ్రతీరమున సంక్రాంతికిని, రాయలసీమ, తమిళనాడులందు దసరాకును పెట్టుదురు. దేవతామూర్తుల క్రిందిమెట్లపై రాజసభ, ఊరేగింపు, బ్యాండుమేళము, అంగడి మొదలగు లోకవ్యవహారము చోటుచేసికొనును. అందు సిపాయియు, పోలీసు జవానును నిలుచుట కద్దు. తమిళనాట పణ్రుట్టి మట్టిబొమ్మలకు, కన్నడదేశమున చెన్నపట్న లక్కబొమ్మలకు, ఆంధ్రమున కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలకు, తెలంగాణమున నిర్మలు పనితనమునకు ప్రసిద్ధి కలదు. కొండపల్లివారు తెల్లపొనికి కొయ్యను వేడిచేసి తేమ తీసి, అంగములను వేర్వేరుగ చెక్కి, చింతగింజల జిగురును ఱంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, సున్నపుపూత పూసి, ఆపై రంగులు వేయుదురు. అంబారీ యేనుగు, ఎడ్లబండి, తాడిచెట్టెక్కు గీతకాడు వారి చేతికి పెట్టినది పేరు.

ఈ బొమ్మలకు అపాయము అశ్రద్ధకంటె శ్రద్ధవలన హెచ్చుగా కలుగుచున్నది. ఏడాదికొకమారు పెట్టెలోనుండి తీసినపుడు వెలిసినట్లు తోచిన బొమ్మకు మెరుగుపెయింటు పూయుట పలు కుటుంబములలో ఆచారము. మట్టి గాని పొనికి గాని పీల్చుకొన్న పాతరంగు మట్టసమైన కాంతి గలది. కొత్త యెనామిలు దానిపై తొక్కవలె నిలిచి, కొన్నేండ్లకు పెచ్చులూడునపుడు పాతరంగును వెంట తీసికొనిపోవును. తాతలనాటి సిపాయి ఎఱ్ఱ అంగీ ఆకుపచ్చ కాగా, అతడు ఏ కాలపు సిపాయియో చెప్పగల ఒకే గురుతు మాసిపోవును. శ్రద్ధగా దుమ్ము దులిపి యుంచిన వెలిసిన బొమ్మ, మెరయుచున్న కొత్తపూత బొమ్మకంటె విలువైనది.

ప్రదర్శనశాల స్థాయిలో తెలుగుదేశమున ఇట్టి సేకరణకు ముఖ్యమైన తావు హైదరాబాదునందలి సాలార్‌జంగ్ మ్యూజియము. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాను (1889-1949) దేశదేశములనుండి తెప్పించిన వస్తువులతో 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో ఆరంభమైన ఈ సంగ్రహాలయము 1968లో నూతనభవనమునకు మారెను. గంటలు కొట్టు గడియారమును చూచుటకు గుంపుగూడు జనులు ఆ శాలలోని బాలల విభాగమున నున్న బొమ్మసైన్యమును నిదానముగా చూచుట మేలు. ఉత్సాహవంతుడైన సేకర్త నవాబుల గడియారములతో పాటు పిల్లల సిపాయిలను సైతము భద్రపరుపదగిన వస్తువులుగా నెంచెనని ఆ విభాగము సాక్ష్యమిచ్చును.

బాగుచేయు ధర్మము

సీసపు బొమ్మకు ప్రధానశత్రువు గాలిలోని ఆమ్లము. ఓకు మొదలగు కొయ్యలనుండియు, చవుక అట్టపెట్టెలనుండియు వెడలు ఆమ్లపు ఆవిరి సీసమును తినివేసి తెల్లని పొడిగా మార్చును. సేకర్తలు దీనిని సీసపు తెగులందురు. లోపలినుండి పొడి పుట్టి రంగును పైకి నెట్టును; తుదకు కాలు విరిగి బొమ్మ కూలును. అందుచే ఓకు బీరువాలు పనికిరావు. గాజుతోను లోహముతోను చేసి గాలి యాడు అరలును, ఆమ్లములేని కాగితమును, తేమలేని చోటును కావలెను. నీటితో కడుగుట కూడదు. మెత్తని కుంచెతో దుమ్ము దులుపవలెను. పాతరంగులందును సీసముండును గనుక ముట్టిన చేతులను కడుగుకొనవలెను. పసిపిల్లలకు నోట బెట్టుకొన నీయరాదు.

విరిగిన తలను అతుకుటకు పాతకాలపు పిల్లలే ఒక యుపాయము కనిపెట్టిరి. బొమ్మ బోలుగా నుండుటచే మెడరంధ్రమున అగ్గిపుల్లను దూర్చి తలను నిలుపుదురు. నేటికిని పాతపెట్టెలలో అగ్గిపుల్ల మెడ సిపాయిలు కానవచ్చుచుందురు. దానిని తీసివేయుటకు తొందరపడరాదు. అదియు ఆ బొమ్మ చరిత్రయే. వెల్సు చెప్పిన స్ప్రింగు ఫిరంగి దెబ్బకు రంగు లేచిన మచ్చయు అట్టిదే. ఊడిపోవుచున్న రంగును నిలుపుట, విరిగిన దానిని మరల విడదీయ వీలగు జిగురుతో అతుకుట, చేసిన పనిని వ్రాసియుంచుట: జీర్ణోద్ధరణమునకు ఈ మూడు చాలును. లేని చేతికి బదులు కొత్తచేయి పెట్టినచో అది కొత్తదని అడుగున గురుతు వ్రాయవలెను.

ఆటకు వేరుబొమ్మ

ఇట్లన్నచో యుద్ధక్రీడాకారుడు అడుగును: రంగు వేయరాదు, చేత తాకరాదు అన్నచో ఆట ఎట్లు? ఈ ప్రశ్న న్యాయమైనది. సమాధానము సులభము. 54 మిల్లీమీటర్ల పాతబొమ్మలు పెద్దయుద్ధమును బల్లపై నిలుపుటకు చాల పెద్దవి. యుద్ధక్రీడకు చిరకాలముగా 25, 28, 15 మిల్లీమీటర్ల కొత్తపోతలు వాడుకలో నున్నవి. ఒక్కొక్క బొమ్మ ఇరువదిమందికో ముప్పదిమందికో ప్రతినిధి యని లెక్కించి, వంతుకు ఇంత దూరము నడవవలెనని నియమించి, తుపాకి దెబ్బ ఫలమును పాచికకు వదలుదురు. ఆ కొత్త సిపాయిలకు ఎవరి యిష్టము వచ్చిన రంగు వారు వేసికొనవచ్చును. తప్పైనచో చెరిపి మరల వేయవచ్చును. పాతబొమ్మను చూచి రంగు నేర్వవలెను, కొత్తబొమ్మపై దానిని ప్రయోగింపవలెను.

నేర్చుటయందును జాగ్రత్త వలయును. 1890ల మద్రాసు బొమ్మ పొడుగు షరాయి తొడిగినది. 1791లో బారామహలున పోరిన మద్రాసు సిపాయి ఎఱ్ఱని పొట్టి అంగీ, మోకాలికి పైబడు తెల్లని చల్లడము, నీలి తలపాగా ధరించి కాలిపిక్కలు బయటబడ నడచెను. మొదటివానిని చూచి రెండవవానికి రంగు వేసినచో నూరేండ్ల పొరపాటు జరుగును. కంపెనీచిత్రములని పేరొందిన 18, 19 శతాబ్దుల కాగితపు చిత్రములు ఇందుకు మంచి తోడు.

బారామహల్ యుద్ధమునే బల్లపై పరచినచో ఆట ఒక పాఠము నేర్పును. 1791 మే నెలలో కారన్‌వాలిసు శ్రీరంగపట్టణము చెంతకు చేరి, ఒక పోరు గెలిచియు, కోటను ముట్టడింపలేక తన పెద్దఫిరంగులను తానే పాడుచేసికొని వెనుదిరిగెను. కారణము శత్రువు కత్తి గాదు. మేత లేకయు తెగులుచేతను ఎడ్లు కుప్పలుగా చచ్చెను, బియ్యము చాలకపోయెను. తరువాతి నెలలలో హోసూరు, రాయకోట మొదలగు కనుమదారి కోటలను కంపెనీవారు పట్టుకొన్నది ఘాటులపైకి ధాన్యము సాగుటకే. అదే సంవత్సరము నవంబరున మాక్సువెల్లు దళము కృష్ణగిరి దిగువకోటను పట్టెను గాని, పైనుండి దొర్లించిన బండరాళ్లకు నిలువలేక కొండకోటను విడిచెను. చతురంగమున లేని రెండు బలములు ఇక్కడ తీర్పు చెప్పినవి: ఒకటి ఎద్దు, రెండవది కొండ.

సీసపు సిపాయిల పెట్టెలలో రౌతులు, ఫిరంగులు, బాకాలు ఊదువారు సమృద్ధిగా నుందురు. ధాన్యము మోసిన బ్రింజారీలు, వారి యెడ్లు కానరారు. ఆడువాడు ఆ కొరతను తీర్చుకొననిచో ప్రతి ఆటలోను కారన్‌వాలిసు మే నెలలోనే గెలిచి చరిత్రను కల్లచేయును. బల్లపై కొండపల్లి ఎడ్లబండిని నిలిపి, అది నడచినంత దూరమే ఫిరంగి నడవవలెనని నియమించి చూడుడు. పరిమాణము కుదరకపోవచ్చును, యుద్ధమున బండియే పెద్దదని చూపరులకు తెలియుట మేలే. పదిమంది విద్యార్థులు రెండుగంటలు ఇట్లాడినచో, బారామహల్ కోటలకై అంత పోరేల జరిగెనో తేదీల పట్టిక నేర్పలేని రీతిలో గ్రహింతురు.

ముగింపు

తిలంగా యను మాట తెలుగువాని పేరుగా పుట్టి, ఎఱ్ఱ అంగీ పేరుగా బ్రతికి, నిఘంటువులలో నిలిచినది. ఆ అంగీని తొడిగిన తెలుగు సిపాయికి వీరగల్లు లేదు. అతని రూపము కొన్ని కంపెనీచిత్రములందును, ఒక గోడచిత్రపు వరుసలలోను, లండనున రంగు పూసిన కొన్ని సీసపు బొమ్మలందును చెదరియున్నది. మన యిండ్ల కొలువుపెట్టెలలో ఎంత యున్నదో ఇంకను లెక్కింపబడలేదు.

ఆ లెక్కకు ధనము అక్కరలేదు. రానున్న నవరాత్రులలో పెట్టెలు తెరచునపుడు, సిపాయి, జవాను, రౌతు, బ్యాండువాడు అను బొమ్మలను వేరుగ నుంచి, రంగు వేయుటకు ముందు నాలుగువైపుల ఛాయాచిత్రము తీసి, ఎత్తు కొలిచి, అంగీ, తలపాగా, పట్టీల రంగులను, ఇంటికి అది వచ్చిన వైనమును ఇంటి పెద్దలనడిగి ఒక నోటుపుస్తకమున వ్రాసినచో చాలును. ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు ప్రాంతముల తెలుగు కుటుంబములు ఈ పనికి పూనుకొనుట యుక్తము. సంఘములు ఆ పట్టికలను ఒకచోట కూర్చుట యుక్తతరము. అంతవరకు పెయింటు డబ్బా మూత తీయకుండుటయే మన సిపాయికి మనము చేయగల మొదటి మర్యాద.